ఆర్పీకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్, జీన్ థెరపీ: అరెకరం అమ్మే ముందు ఒక రక్తపరీక్ష

మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుంటాను. మీది పరకాల దగ్గర పల్లె. తమ్ముడికి పందొమ్మిదేళ్లు, హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి రేచీకటి ఉంది, ఈ ఏడాది నుంచి పగలు కూడా పక్కనుంచి వచ్చే బండి కనబడటం లేదు. ఆర్పీ, అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేల్చి, దీనికి మందు లేదని పంపించేశారు. వేరే ఊళ్లో ఒక ఆస్పత్రి వాళ్లు స్టెమ్ సెల్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాల ఇంజెక్షన్ వేస్తామని, రెండు కళ్లకీ ఒకే రోజు, మూడున్నర లక్షలు అని చెప్పారు. నాన్న అరెకరం అమ్ముదామంటున్నారు. అమెరికాలో జీన్ థెరపీ, అంటే చెడిన జన్యువు బదులు మంచి జన్యువును అందించే చికిత్స వచ్చిందట కదా, అది చేయించాలా, ఇది చేయించాలా, ఆగాలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. భూమి అమ్మకండి. ఆ ఇంజెక్షన్ వేయించకండి. తమ్ముడికి జన్యు పరీక్ష చేయించండి. దాని ఖర్చు వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. ఏ జన్యువులో లోపం ఉందో తెలియకుండా కొత్త చికిత్సల గురించి ఎంత మాట్లాడుకున్నా అది గాలిలో మాటే.

నేను రెటీనా డాక్టర్ని. ఇరవై ఏళ్లు దాటింది, ఎక్కువ కాలం వరంగల్, హనుమకొండల్లోనే. ఆర్పీ వాళ్లను నెలకి నలుగురైదుగురినైనా చూస్తుంటాను. ప్రపంచం మొత్తం మీద సుమారు నాలుగు వేల మందిలో ఒకరికి ఇది ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు, మన దగ్గర ఆ లెక్క కన్నా ఎక్కువే. ఎందుకో మీకు తెలుసు, మేనరికాలు. మీ అమ్మ మీ నాన్నకి అక్క కూతురే అని మీరే రాశారు.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. "కంటి నరం ఎండిపోయింది" అని మీకు చెప్పారని రాశారు. మన దగ్గర అందరూ అదే మాట అంటారు, తొందరలో ఉంటే నేను కూడా అన్నాను. కానీ ఎండిపోయేది నరం కాదు. కంటి వెనక పొర, అంటే రెటీనాలో వెలుగును పట్టుకునే కణాలు రెండు రకాలు: మసక వెలుతురులో చూపించే రాడ్స్, పగటి చూపుకీ రంగులకీ అక్షరాలకీ పనికొచ్చే కోన్స్. ఆర్పీలో ముందు రాడ్స్ పోతాయి, అందుకే మొదట రేచీకటి. తర్వాత చుట్టూ ఉన్న చూపు తగ్గుతూ తగ్గుతూ గొట్టంలోంచి చూసినట్టవుతుంది. మధ్యలో ఉండే కోన్స్ చాలా కాలం నిలబడతాయి. అందుకే మీ తమ్ముడు చార్టులో చివరి వరస దాకా చదివేస్తాడు, గడప తట్టుకుని పడతాడు. స్కూలు క్యాంపుల్లో ఇలాంటి పిల్లలు దొరక్కపోవడానికి కారణం ఇదే, చార్టు చదివించి చూపు బాగుంది పో అంటారు. వెనకనున్న నరం చాలా మందిలో పని చేసే స్థితిలోనే ఉంటుంది, దాని ముందున్న కణాలే పోతుంటాయి. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే కొత్త చికిత్సలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక జీన్ థెరపీ. మీరు విన్నది నిజమే. లక్స్‌టర్నా అనే మందుకి 2017 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, మరుసటి ఏడాది యూరప్‌లో. వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బుకి అలా అనుమతి దొరికిన మొదటి జీన్ థెరపీ అదే. అయితే అది ఆర్పీ అంతటికీ మందు కాదు. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో, అదీ అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చిన రెండు కాపీలూ చెడిపోయిన వాళ్లకి మాత్రమే. రెటీనా వంశపారంపర్య జబ్బులకి కారణమయ్యే జన్యువులు ఇప్పటికి 280కి పైగా తెలుసు. అందులో ఇది ఒకటి. ఆర్పీ ఉన్న వంద మందిలో ఇది ఉండేది సుమారు ఒకరికో ఇద్దరికో.

ఆ ఒక్కదాంట్లోనే ఎందుకు పని చేసిందో తెలిస్తే మిగతావాటికి ఎందుకింత ఆలస్యమవుతోందో కూడా తెలుస్తుంది. వెలుగు పడ్డప్పుడు కంట్లో విటమిన్ ఎ రూపం మారుతుంది, దాన్ని మళ్లీ పాత రూపానికి తెచ్చే ఎంజైమ్‌ని ఈ ఆర్‌పీఈ65 తయారు చేస్తుంది. అది లేకపోతే రాడ్స్, కోన్స్ వెంటనే చచ్చిపోవు, సరుకు అందక పని ఆగిపోయి కూర్చుంటాయి. నీళ్లు లేక వాడిపోయిన పత్తి మొక్కకి తడి పెడితే తేరుకుంటుంది. పూర్తిగా ఎండి కట్టె అయిపోయినదానికి ఎన్ని తడులు పెట్టినా లాభం లేదు. ఈ జన్యువు లోపంలో వాడిన మొక్కలు చాలా ఏళ్లు మిగిలి ఉంటాయి కాబట్టి మంచి జన్యువును ఒక హానిలేని వైరస్‌లో పెట్టి అందిస్తే లేచి నిలబడ్డాయి. ముందు బ్రియార్డ్ జాతి కుక్కల్లో చేశారు, పుట్టుకతోనే చూపు లేని కుక్కపిల్ల దారి చూసుకుని నడిచింది. తర్వాత మనుషుల్లో చేసిన చివరి ట్రయల్‌లో, అంటే అనుమతికి ముందు జరిగే మూడో దశ పరీక్షలో, ఉన్నది 31 మందే. తక్కువ వెలుతురులో అడ్డంకుల దారిలో నడవమన్నారు. ఏడాది తర్వాత చికిత్స తీసుకున్న వాళ్లలో 65 శాతం మంది 1 లక్స్ వెలుతురులో, అంటే దాదాపు చీకటే, నడవగలిగారు. చికిత్స తీసుకోనివాళ్లలో ఒక్కరూ నడవలేదు. మంచి ఫలితం, కాదనను. కానీ చార్టు చదివే చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాతి ఏళ్లలో కొందరికి ఇంజెక్షన్ వేసిన చోట రెటీనా పలచబడుతున్నట్టు కూడా డాక్టర్లు చూశారు.

ధర ఎంతంటారా? విడుదల చేసినప్పుడు ఒక్కో కంటికి 4,25,000 డాలర్లు. రెండు కళ్లకీ కలిపి మన రూపాయల్లో ఏడు కోట్ల పైమాటే. దీన్ని "ఇంజెక్షన్" అంటే మీరు ఓపీలో వేసే సూది అనుకోవద్దు. ఆపరేషన్ థియేటర్‌లో కంటి లోపలి జెల్లీ తీసేసి, రెటీనా పొర కింద చుక్క మందు దూర్చాలి.

ఇప్పుడు మీరు చివర్లో, రాయాలా వద్దా అన్నట్టు రాసిన ఒక వాక్యం దగ్గరకి వస్తాను. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. "మా అమ్మ తమ్ముడికి కూడా రాత్రిళ్లు కనబడదు, ఆయన పెళ్లి చేసుకోలేదు." చూడండి, మేనరికం అనగానే అందరం, డాక్టర్లమూ, ఇది అమ్మానాన్న ఇద్దరి నుంచీ వచ్చిన లోపమే అని రాసేసుకుంటాం. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ మేనమామకీ మేనల్లుడికీ ఉండి, మధ్యలో ఉన్న అమ్మకి పెద్దగా ఏమీ లేదంటే ఎక్స్ క్రోమోజోమ్ (ఆడవాళ్లకి రెండు, మగవాళ్లకి ఒకటే ఉండే జన్యువుల కట్ట) ద్వారా వచ్చే రకమేమో అని అనుమానించాలి. ఆ రకంలో మగపిల్లలకి చిన్న వయసులోనే, గట్టిగా వస్తుంది. ఆడవాళ్లు ఆ లోపాన్ని మోస్తారు, వాళ్లకి జబ్బు కొద్దిగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అందులో ఎక్కువగా దొరికే జన్యువు ఆర్‌పీజీఆర్. ఇది కాగితం మీద నా ఊహ మాత్రమే, పరీక్ష వేరేది చెప్పొచ్చు. మీ అమ్మగారి రెటీనా కూడా చుక్కలు వేసి చూడమనండి, మోసే ఆడవాళ్లలో కొందరికి అక్కడ ఒక రకమైన మెరుపు కనబడుతుంది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే లక్స్‌టర్నా తర్వాత ఎక్కువ ట్రయల్స్ జరిగింది ఈ ఆర్‌పీజీఆర్ మీదే. ఏమైందో కూడా వినండి. 2021లో బయోజెన్ కంపెనీ ట్రయల్ పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. 2025లో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల మూడో దశ ట్రయల్ కూడా అంతే, అడ్డంకుల దారిలో నడిచే పరీక్షలో తేడా చూపించలేకపోయింది. రెండిట్లోనూ కొందరు రోగులకి మేలు కనబడింది, కానీ కొందరికి మేలు కనబడటం వేరు, మందు పనిచేస్తుందని నిరూపించడం వేరు. బీకన్ అనే ఇంకో కంపెనీ తన మందుతో అదే దారిలో పోతోంది. వార్తల్లో "అంధత్వానికి చెక్" అని హెడ్డింగ్ పెట్టినప్పుడల్లా నాకు ఫోన్లు వస్తాయి, ట్రయల్ ఫెయిలైన రోజు ఏ పేపరూ రాయదు.

క్రిస్పర్ గురించి కూడా అడిగారు. అది జన్యువును కత్తిరించే పద్ధతి. 2020లో అమెరికాలోని ఒరెగాన్‌లో మొదటిసారి క్రిస్పర్‌తో మనిషి శరీరం లోపలే, కంట్లోనే, జన్యువును కత్తిరించి సరిచేసే ప్రయత్నం చేశారు. సీఈపీ290 అనే జన్యువు లోపానికి. మొత్తం 14 మంది, అందులో 11 మందికి ఏదో ఒక కొలతలో మెరుగు కనిపించిందని 2024లో ప్రచురించారు. కానీ అంతకు ముందే, 2022లోనే, ఆ కంపెనీ కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేసి భాగస్వామి కోసం వెతుక్కుంది. ఆ లోపం ఉన్నవాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది, లెక్క గిట్టుబాటు కాలేదు. సైన్స్ పని చేసినా కంపెనీ నిలబడకపోతే మందు రాదు. ఇంకా ఘోరం ఆర్గస్ అనే కంటి చిప్ కథ. 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఆర్పీతో పూర్తిగా చూపు పోయినవాళ్లకి పెట్టారు, కొన్నేళ్లకి కంపెనీ దాన్ని వదిలేసింది. కంట్లో చిప్పు ఉంది, చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు.

ఏ జన్యువైనా పరవాలేదు అనే రకం చికిత్సలు కూడా వస్తున్నాయి, నాకు వీటి మీదే కొంచెం ఆశ ఎక్కువ. 280 జన్యువులకి 280 మందులు ఎవరు చేస్తారు, ఎవరు కొంటారు? ఒకటి ఆక్యుజెన్ కంపెనీది. పేరు ఎక్కడో విన్నట్టుందా, కోవాగ్జిన్‌ని అమెరికాకి తీసుకెళ్లాలని మన భారత్ బయోటెక్‌తో ఒప్పందం చేసుకున్న కంపెనీ. చెడిపోయిన జన్యువు జోలికి పోకుండా, చాలా జన్యువుల మీద పెత్తనం చేసే ఎన్‌ఆర్2ఈ3 అనే జన్యువును అందిస్తారు, మూడో దశ ట్రయల్‌కి వచ్చింది. రెండోది ఆప్టోజెనెటిక్స్. రాడ్స్, కోన్స్ పూర్తిగా పోయినా వాటి వెనక వరసలో ఉన్న కణాలు బతికే ఉంటాయి కదా, వాటికే వెలుగును పట్టుకునే గుణం నేర్పడం. పారిస్‌లో చూపు పోయిన 58 ఏళ్ల మనిషి ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని టేబుల్ మీద నోట్‌బుక్, గ్లాసులు ఎక్కడున్నాయో గుర్తించగలిగాడని 2021లో వచ్చింది. నానోస్కోప్ అనే కంపెనీ మందు ఇంకో అడుగు ముందుకెళ్లింది, దానికి ఆ కళ్లద్దాలు అక్కర్లేదు, కంటి లోపలి జెల్లీలోకి సూదితో వేస్తే చాలు. కానీ ఈ ఆప్టోజెనెటిక్స్ మందులు దాదాపు చూపు పోయినవాళ్ల కోసం. చార్టు చదవగలిగే మీ తమ్ముడికి ఇప్పుడు అవి అక్కర్లేదు, ఇవ్వరు కూడా.

ఇక ఆ స్టెమ్ సెల్ దగ్గరకి వద్దాం. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను.

స్టెమ్ సెల్స్‌తో రెటీనా కణాలు పెంచి పెట్టే పరిశోధన నిజంగానే జరుగుతోంది, మంచి మంచి చోట్ల. అది వేరు. మీకు చెప్పింది ఏమిటంటే కడుపు కొవ్వులోంచో నడుము ఎముకలోంచో కణాలు తీసి, శుభ్రం చేసి, అదే రోజు కంట్లో వేయడం. ఆ కణాలు కంట్లోకి వెళ్లి రాడ్స్‌గా మారతాయనడానికి ఆధారం లేదు. అమెరికాలో ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్లకి, వాళ్లది వయసుతో వచ్చే రెటీనా జబ్బు, ఇలాగే కొవ్వు కణాలు రెండు కళ్లకీ ఒకేసారి వేశారు, ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకుని. ముగ్గురికీ చూపు దారుణంగా దెబ్బతింది. 2017లో పెద్ద వైద్య పత్రికలో వచ్చింది, కంటి డాక్టర్లు ఎవరిని అడిగినా చెప్తారు. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎముక మజ్జ మార్పిడి లాంటి రక్త సంబంధ చికిత్సలు తప్ప, స్టెమ్ సెల్స్‌ని అనుమతి ఉన్న ట్రయల్ బయట చికిత్సగా ఇవ్వకూడదు. డబ్బు తీసుకుని ఇవ్వడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

నర్సంపేట వైపు అన్నదమ్ములు నా పేషెంట్లు. పెద్దాయన చెప్పకుండా వెళ్లి వేయించుకున్నాడు. ఎక్కడ అన్నది ఇక్కడ రాయను. మొదటి పది రోజులు వెలుగు ఎక్కువ కనిపిస్తోందని ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. ఆరు వారాల తర్వాత నా గదిలోకి తమ్ముడి భుజం పట్టుకుని వచ్చాడు. కుడి కంట్లో రెటీనా ఊడిపోయి ఉంది. ఆపరేషన్‌కి పంపించాం, కన్ను ఆకారం మిగిలింది, చూపు మిగల్లేదు. ఆ ఇంజెక్షన్‌కి ముందు ఆయన ఆ కంటితో నోట్లు లెక్కపెట్టుకునేవాడు.

రెండు కళ్లకీ ఒకే రోజు అన్నమాట వింటేనే లేచి వచ్చేయండి. శుక్లం ఆపరేషన్‌కే ఒక కన్ను చేసి, ఆగి, రెండోది చేస్తాం. ఎప్పుడూ ఎవరికీ నిరూపణ కాని దాన్ని ఒకేసారి రెండిట్లో వేస్తామనేవాడు మీ తమ్ముడి గురించి ఆలోచించట్లేదు, మీరు రెండోసారి రారని ఆలోచిస్తున్నాడు.

ఇంకో మాట, ఆ ఆస్పత్రి వాళ్లు "మాది రిజిస్టర్ అయిన ట్రయల్" అని నంబర్ చూపించారని రాశారు. రిజిస్ట్రీలో నంబర్ ఉండటమంటే ప్రభుత్వం పరీక్షించి మంచిదని ముద్ర వేసినట్టు కాదు, ఫలానా పని చేస్తున్నామని వాళ్లు నమోదు చేసుకున్నట్టు. అసలైన ట్రయల్‌లో మందుకి మీ దగ్గర డబ్బు తీసుకోరు, పైగా ప్రయాణ ఖర్చులు ఇస్తారు, ఏదైనా జరిగితే వైద్యం, పరిహారం చూడాలని 2019 క్లినికల్ ట్రయల్ నియమాల్లో ఉంది. ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల భద్రత చూసే కమిటీ) పేరు, ఫోన్ నంబర్ తెలుగులో రాసిన సమ్మతి పత్రం మీద ఉండాలి. అడగండి, మాట మారుస్తారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను, ఎందుకంటే "మందు లేదు" అని మీకు చెప్పిన డాక్టర్ మీద మీకు కోపంగా ఉంది, నేనూ ఒకప్పుడు అదే డాక్టర్ని. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో కొత్తవాడ నుంచి దర్రీలు నేసే ఒకావిడ వచ్చింది, నలభై ఏళ్లుంటాయి. ఆర్పీ. అమ్మా దీనికి ఏమీ లేదు, ఊరికే తిరగకు, డబ్బులు దండగ అన్నాను. మంచే చెప్పాననుకున్నాను. ఆవిడ నా మాట అక్షరాలా పాటించి ఆరేళ్లు ఏ కంటి డాక్టర్ దగ్గరికీ పోలేదు. ఆరేళ్ల తర్వాత కొడుకు పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చింది, ఊరికే చూద్దామని చూస్తే రెండు కళ్లలోనూ శుక్లం, సరిగ్గా మధ్యలో, వెనక పొర మీద. ఆర్పీ వాళ్లకి ఇది చిన్న వయసులోనే వస్తుంది. ఆపరేషన్ చేస్తే మగ్గం మీద దారం మళ్లీ కనిపించింది, మధ్య చూపు ఇంకా బతికే ఉంది మరి. ఆ ఆరేళ్లలో కనీసం మూడేళ్లు ఆవిడ పని మానుకుని కూర్చుంది నా మాట వల్ల. అప్పటి నుంచి "మందు లేదు" అనే మాట వాడటం మానేశాను.

ఎందుకంటే ఆర్పీలో ఇవాళే, ఇక్కడే చేయగలిగేవి ఉన్నాయి. శుక్లం ఒకటి. రెండోది మధ్య భాగంలో నీరు చేరి వాపు రావడం, ఓసీటీ అనే, రెటీనా పొరల్ని చూపించే స్కాన్‌లో తెలుస్తుంది, చాలామందికి చుక్కల మందుతోనో అసిటజోలమైడ్ మాత్రలతోనో తగ్గుతుంది. ఈ మాత్రలు డాక్టర్ చెప్పకుండా వాడొద్దు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు అసలే వద్దు. మీరు పెట్టిన రిపోర్టుల్లో ఓసీటీ లేదు. పగలు కూడా ఈ ఏడాదే తేడా వచ్చిందన్నారు కదా, ముందు అది చేయించండి.

మూడోది, చాలా అరుదు కానీ వదలకూడదు, ఆర్పీలా కనిపించే వేరే జబ్బులు. చిన్నపేగులో చాలా భాగం తీసేసిన ఒకాయనకి ఎవరో ఆర్పీ అని రాశారు. తీరా అది విటమిన్ ఎ లోపం, ఇంజెక్షన్లు ఇస్తే నెలలో రేచీకటి పోయింది. రెఫ్సమ్ అనే అరుదైన వంశపారంపర్య జబ్బులో తిండి మార్చితే, కొన్నిట్లో విటమిన్ ఇ ఇస్తే ముదరకుండా ఆపొచ్చు. అందుకే అడుగుతున్నాను: మీ తమ్ముడికి వినికిడి ఎలా ఉంది? చేతికో కాలికో పుట్టుకతో ఆరో వేలు ఉండేదా? కిడ్నీ సమస్య, మరీ ఊబకాయం, నడకలో తూలడం లాంటివి ఉన్నాయా? వినికిడి కూడా తగ్గుతుంటే అషర్ సిండ్రోమ్ అంటారు, దానికి పరీక్షా వేరు, జాగ్రత్తలూ వేరు.

విటమిన్ ఎ మాత్రలు వాడొచ్చా అన్నారు. 1993లో రోజుకి 15,000 యూనిట్లు ఇస్తే ఆర్పీ కాస్త నిదానిస్తుందని ఒక పరిశోధన వచ్చింది, దాన్ని పట్టుకుని అందరం ఏళ్ల తరబడి రాశాం. 2023లో అదే సమాచారాన్ని రోగుల జన్యు వివరాలతో కలిపి మళ్లీ చూస్తే లాభం కనిపించలేదు. పైగా ఏబీసీఏ4 జన్యువు లోపమైతే విటమిన్ ఎ ఎక్కువైతే హాని. మళ్లీ చూశారా, ఏ జన్యువో తెలియాలి. నేను ఇప్పుడు రాయడం లేదు. ఎన్-ఎసిటైల్‌సిస్టైన్ అని దగ్గు కఫానికి వాడే మందు మీద అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు పెద్ద ట్రయల్ నడుపుతున్నారు, ఫలితం వచ్చేదాకా సొంతంగా కొని మింగొద్దు. ఆకుకూరలు, గుడ్డు మామూలుగా తిననివ్వండి. పసరు మందు మాత్రం కంట్లో పోయనివ్వకండి, ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా సరే. ఆర్పీకి పోని మధ్య చూపు పసరు వల్ల నల్లగుడ్డు పుండై పోయిన కేసులు నా దగ్గర రెండున్నాయి. ఇంకొకటి ఎవరూ చెప్పరు: మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తుంటారు, ఈ వయసు కుర్రాళ్లకి మరీ. రేచీకటిని అది ఇంకా పెంచొచ్చు. చర్మం డాక్టర్‌కి ముందే ఆర్పీ ఉందని చెప్పమనండి.

జన్యు పరీక్ష ఎలా అంటే, రక్తం నమూనా ఇవ్వాలి, రిపోర్టుకి కొన్ని వారాలు పడుతుంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో వంశపారంపర్య రెటీనా జబ్బులు చూసే విభాగం ఉంది, జన్యు కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. నేను నా వాళ్లను ముందు అక్కడికే పంపిస్తాను. పరీక్ష మీద మరీ ఎక్కువ ఆశ కూడా పెట్టుకోవద్దు. సుమారు మూడో వంతు మందిలో కారణం తేలదు, లేదా "ఈ మార్పు జబ్బుకి కారణమో కాదో చెప్పలేం" అని వస్తుంది. అప్పుడు అమ్మానాన్నల రక్తం, మీ విషయంలో మేనమామ రక్తం కూడా పోల్చి చూస్తే చాలాసార్లు చిక్కు విడుతుంది. తేలకపోయినా ఆ రిపోర్టు దాచుకోండి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ చదివించాలి, కొత్త జన్యువులు కనిపెడుతూనే ఉన్నారు.

జన్యువు తెలిసి, దానికి ఎక్కడో ట్రయల్ ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా పరుగెత్తొద్దు. ఒక జీన్ థెరపీ తీసుకున్న కంటికి, చాలాసార్లు ఆ మనిషికే, తర్వాత వచ్చే ఇంకో జీన్ థెరపీ ట్రయల్‌లో చోటు ఇవ్వరు. స్టెమ్ సెల్ వేయించుకున్నవాళ్లను కూడా చాలా ట్రయల్స్ తీసుకోవు. మూడున్నర లక్షలతో పాటు పోయేది అది కూడా.

చెల్లి సంబంధం గురించి ఒక్క వాక్యమే రాశారు, నేను మాత్రం కాస్త ఎక్కువ రాయాలి. ఎక్స్ రకం అయితే మీ చెల్లి మోసే అవకాశం సగానికి సగం. మోస్తుంటే ఆవిడకి పుట్టే ప్రతి మగబిడ్డకీ సగం అవకాశం, పెళ్లి బయట చేసినా సరే. అమ్మానాన్న ఇద్దరి నుంచీ వచ్చే రకమైతే లెక్క వేరు: జబ్బు లేని చెల్లి ఆ లోపాన్ని మోసే అవకాశం మూడింట రెండు వంతులు, కానీ బయట సంబంధం చేస్తే పిల్లలకి రావడం చాలా అరుదు, బావతోనో మేనమామతోనో చేస్తే మాత్రం ప్రమాదం. కాబట్టి "బంధువుల్లో వద్దు" అన్న సలహా రెండో రకంలో సరిపోతుంది, మొదటి రకంలో అది ఒక్కటే సరిపోదు. ముందు మీ తమ్ముడి రిపోర్టు రానివ్వండి, ఆ తర్వాత ఆవిడకి పరీక్ష చేయించాలా వద్దా అనేది ఆవిడే నిర్ణయించుకోవాలి. నిశ్చితార్థం రెండు నెలలు ఆగితే కొంప మునగదు. మీ అమ్మని మాత్రం ఎవరూ ఏమీ అనకుండా మీరు చూసుకోండి. నా గదిలో అత్తలు "నీ కడుపు నుంచే వచ్చింది" అన్న మాటలు చాలా విన్నాను.

తమ్ముడి చదువు ఆపకండి. బండి మాత్రం ఇప్పుడే మాన్పించండి, పగలు కూడా. రాత్రి హాస్టల్‌లో తిరగడానికి మంచి టార్చి, ఎండకి టోపీ, రంగు కళ్లద్దాలు. మేడారం జాతరకి చీకట్లో అడవి దారిలో స్నేహితులతో నడిచి వెళ్లాడట, తెలియక చేసిన ధైర్యం, ఈసారి వెళ్తే ఒకరి చేయి పట్టుకోమనండి, అందులో నామోషీ లేదు. వికలాంగుల సర్టిఫికెట్ విషయంలో చాలామంది నష్టపోతారు: చార్టు బాగా చదువుతున్నాడు కాబట్టి అర్హత లేదని వెనక్కి పంపుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చూపు కొలతే కాదు, చుట్టూ కనిపించే విస్తీర్ణం కూడా లెక్కే. 40 డిగ్రీల కన్నా తగ్గితే లో విజన్, 10 కన్నా తగ్గితే అంధత్వం. ఆ సర్టిఫికెట్ పరీక్షకి వెళ్లేటప్పుడు ఫీల్డ్స్ టెస్ట్ (చుట్టూ చూపు ఎంతవరకు ఉందో కొలిచే పరీక్ష) కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి, డాక్టర్ అడగకపోయినా మీరే ముందు పెట్టండి. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్, పరీక్షల్లో అదనపు సమయం ఉంటాయి. పెన్షన్ కన్నా నాకు అవే ముఖ్యంగా కనిపిస్తాయి అతని వయసుకి.

రెండు పనులు చేయండి. ఈఆర్జీ (వెలుగుకి రెటీనా ఎలా స్పందిస్తోందో కొలిచే పరీక్ష), ఫీల్డ్స్ రిపోర్టుల ఫోటోలు ఇక్కడే పెట్టండి, పేరూ ఫోన్ నంబరూ కనబడకుండా కొట్టేసి. రెండోది, హైదరాబాద్ వెళ్లేటప్పుడు మీ మేనమామని కూడా ఒప్పించి తీసుకెళ్లండి, నాకేంటి ఇప్పుడు అంటారు, అయినా సరే. ఆయనకి శుక్లమో వాపో ఉండి ఎవరూ చూడలేదేమో. ఒకే ప్రయాణంలో ఇద్దరి కళ్లూ, ఇద్దరి రక్తమూ అయిపోతుంది. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కండి, చుక్కలు వేశాక నాలుగైదు గంటలు ఇద్దరికీ మసకగా ఉంటుంది కాబట్టి వెంట మీరు ఉండాలి, చీకటి పడకముందే తిరుగు బండి చూసుకోండి.